బుడుగు హైస్కూలుకెళ్తే

గోదావరి లంకల్లో పిల్లాడికి అసలు కష్టం ఐదో తరగతి అయ్యాక మొదలవుతుంది. అప్పటిదాకా ఊళ్లో బడే, మాస్టారికి వాడి తాత కూడా తెలుసు. ఆరో తరగతికి రేవు దాటి అవతలి ఒడ్డున హైస్కూలు. పడవ దిగేసరికి కాళ్లకి ఒండ్రు, లాగు సగం తడి. ‘లంకోడొచ్చాడ్రా’ అని ఎవడో అంటాడు, క్లాసంతా నవ్వుతుంది. ఇక పదో తరగతి దాకా హాజరుపట్టీలో ఒక పేరు, బెంచీల్లో ఇంకో పేరు. నాకూ ఒకటుండేది. ఇక్కడ రాయను.

మా గోదారోళ్ల ఎటకారానికి పెద్ద పేరే ఉంది. సినిమాలకి సరుకు కూడా అదే. కానీ అది ఎప్పుడూ పదిమంది కలిసి ఒకడి మీద వేసేదే. ఆ ఒక్కడు ఇంటికెళ్లి నోటుబుక్కు వెనకపేజీలో ఆ పదిమందినీ బొమ్మలేసి తిట్టుకుంటే ఎలా ఉంటుందన్నది మన తెలుగులో దాదాపు ఖాళీ.

అమెరికాలో జెఫ్ కిన్నీ ఆ పనే చేశాడు. పత్రికల్లో కార్టూనిస్టు అవుదామని తిరిగి, కుదరక, ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ రాశాడు. 2007లో పుస్తకంగా వచ్చింది. తమాషా ఏమిటంటే ఆయన రాసింది పెద్దవాళ్ల కోసం, పిల్లల పుస్తకం అన్నది ప్రచురణకర్త. అందులో నాకు నచ్చింది జాలి లేకపోవడం. ఆ డైరీ రాసే కుర్రాడు గ్రెగ్ వానపాముతో చిన్నపిల్లల్ని హడలగొడతాడు, నింద స్నేహితుడు రౌలీ నెత్తిన పడుతుంది. వెలిపడ్డవాడు తనకంటే మెత్తనివాడు దొరికితే వదలడు. మా బెంచీల్లో జరిగిందీ అదే. అమ్మ కువైట్‌లో ఉన్న ఒకడికి కొత్త వాచీ వచ్చింది. చూస్తామని అందరూ ఎగబడ్డారు, పక్కన కూర్చోమని ఒక్కడూ అనలేదు. నేనూ అనలేదు.

మనకి బుడుగు లేడా అంటారు. ఉన్నాడు. డెల్టాకి తలకట్టులాంటి ధవళేశ్వరంలో 1931లో వాణ్ణి రాసిన ముళ్లపూడి వెంకటరమణ, గోదారి పాయ వసిష్ఠ సముద్రంలో కలవబోయే ముందు వచ్చే నరసాపురంలో 1933లో వాడికి బొమ్మలేసిన బాపు పుట్టారు. గోదారి ఆ చివరా ఈ చివరా కలిస్తే ఆ పిల్లాడొచ్చాడు. అయితే బుడుగు ఇంటికి రాజు. బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు, సీగానపెసూనాంబ ఉంది. సిగ్గంటే ఏమిటో ఇంకా తెలియదు. సిగ్గు తెలిసే పన్నెండేళ్లకి వాడేమయ్యాడో ఎవరూ చెప్పలేదు.

చెబుదామని కూర్చున్నవాళ్లని నీతి ఆపేస్తుంది. మన పిల్లల కథల్లో అందరూ ఏడిపించిన కుర్రాడు ఆఖరికి క్లాసు ఫస్టు రావాలి, లేదా కాలవలో పడ్డవాణ్ణి కాపాడాలి. ఏ కాలవ గట్టునా అలాంటిది నేను చూళ్లేదు. ఏడిపించినవాళ్లకి వేసవి సెలవులొచ్చాయి, అంతే.

పైగా ఈ రకం పుస్తకంలో బొమ్మ అలంకారం కాదు, సాక్షి. రాత గొప్పలు పోతుంటే పక్కన బొమ్మ నిజం చెప్పేస్తుంది. మన లంక పిల్లాడి డైరీలో ఒక పేజీ ఊహించుకోండి. ‘ఇవాళ పడవలో అందరూ లేచి నాకు చోటిచ్చారు’ అని రాసుంటాడు. కింద బొమ్మలో జనమంతా ముక్కు మూసుకుని ఒక కొసకి చేరిపోయుంటారు, పడవ అటే ఒరిగుంటుంది, ఈ కొసన పైకి లేచిన బల్ల మీద వీడూ, వీడి చేతిలో కారుతున్న చేపల సంచీ.