ముడతలకు పరువు తెచ్చిన బట్ట

మన సమాజంలో చొక్కా మీది ముడతకు రెండు చట్టాలు అమల్లో ఉన్నాయి. మొదటిది నూలు చొక్కాలకు వర్తిస్తుంది. దాని ప్రకారం నలిగిన చొక్కాతో ఆఫీసుకు వచ్చిన గుమాస్తా బద్ధకస్తుడు, పెళ్లికి వచ్చిన బంధువు లెక్కలేనివాడు, పెళ్లిచూపులకు వచ్చిన వరుడు ఇంకా దారిలో పడనివాడు. రెండోది లినెన్ చొక్కాల చట్టం. అక్కడ అదే ముడతకు అభిరుచి అని పేరు. ఇస్త్రీపెట్టె మొహం చూసి నెలయినట్టున్న చొక్కాతో ఒక పెద్దమనిషి రిసెప్షన్ వేదిక ఎక్కితే "ఏమండీ, ఇంట్లో కరెంటు లేదా?" అని ఎవరూ పరామర్శించరు. "లినెనా? ఎక్కడ తీసుకున్నారు?" అంటారు.

ఈ రెండో చట్టాన్ని ఏ శాసనసభా ఆమోదించలేదు. అయినా శాసనసభలు ఆమోదించిన వాటికంటే నిక్కచ్చిగా అమలవుతోంది. ఈ వ్యాసకర్త దానికి వ్యతిరేకి కాడు. ఆ గౌరవం వెనక ఒక మొక్క పడిన యాతన ఉందనీ, దాన్ని సభవారి ముందుంచడం తన బాధ్యత అనీ మాత్రమే మనవి చేస్తున్నాడు.

ఆ మొక్క అవిసె, దాని నారతో నేసిన బట్టే లినెన్. మనం గింజలు వేయించి కారప్పొడి కొట్టుకునే అవిసే. మన దేశంలో దాన్ని ప్రధానంగా గింజల కోసమే పండిస్తారు. బట్టకు పనికొచ్చే పొడవాటి నార ఎక్కువగా ఫ్రాన్స్, బెల్జియంల నుంచి వస్తుంది. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి బెల్జియం మీదుగా నెదర్లాండ్స్ దాకా ఉన్న సముద్రతీరపు నేలలు, చల్లగాలి, అడపాదడపా జల్లులు దానికి బాగా పడతాయి. మార్చి, ఏప్రిల్‌లలో విత్తుతారు. సుమారు 100 రోజుల్లో మీటరు ఎత్తు లేస్తుంది. జూన్‌లో చేనంతా నీలిపూలు. ఒక్కో పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి రాలిపోతుంది. దాని జీవితంలో సుఖం అంతవరకే.

తర్వాత దాన్ని కోయరు. కోస్తే నార పొడవు తగ్గుతుందని వేళ్లతో సహా పెరికి, అదే చేలో వరుసలుగా పరుస్తారు. ఆపైన కొన్ని వారాలపాటు జరిగే కార్యక్రమం పేరు కుళ్లబెట్టడం. మంచూ వానా ఎండా మార్చి మార్చి తగులుతుంటే, శిలీంధ్రాలూ బ్యాక్టీరియా చేరి, నారను పుల్లకు అంటిపెట్టుకుని ఉన్న పెక్టిన్ అనే జిగురును తినేస్తాయి. రెండు వైపులా సమానంగా కుళ్లాలి కాబట్టి మధ్యలో తిరగేస్తారు. తక్కువ కుళ్లితే నార ఊడిరాదు, ఎక్కువ కుళ్లితే నారే మిగలదు. ఎంత కుళ్లితే పని జరుగుతుందో సరిగ్గా కనిపెట్టగలవాడే అక్కడ నిపుణుడు. ఈ విద్యలో ఆరితేరినవారు మన కార్యాలయాల్లోనూ ఉన్నారు గానీ, ప్రస్తుత విషయం అది కాదు.

బెల్జియంలోని కోర్ట్రెయ్ పట్టణం దగ్గర ఒకప్పుడు ఈ పని లీస్ నదిలో సాగేది. కాడలను కట్టలు కట్టి నదిలో ముంచేవారు. నార బంగారు వన్నె తేలుతుంది, డబ్బూ బాగా వస్తుంది, కనుక దాన్ని బంగారు నది అన్నారు. నీళ్లు భరించలేని కంపు కొట్టేవి. పేరు మాత్రం బంగారు నదే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగునార తీసినవారికి ఆ కంపు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అక్కడా కట్టలను చెరువులో నానేసి, ఆ నీళ్లలోనే నిలబడి నార ఒలిచారు. పద్ధతి ఒకటే, వాసనా ఒకటే. కాకపోతే గోగునారలో లిగ్నిన్ అనే చెక్కలాంటి గట్టి పదార్థం ఎక్కువ, అందుకే గరుకు. అవిసె నార సన్నం, నునుపు. ఆ తేడాతో ఒకటి సూటయింది, ఇంకొకటి గోనెసంచి అయింది. గోనెసంచి ముడతకు ఏ చట్టమూ రక్షణ ఇవ్వదు.

కుళ్లిన కాడలను ఎండబెట్టి, పళ్ల రోలర్ల మధ్య విరిచి, పలకలతో బాది, ఇనుప దువ్వెనలతో దువ్వుతారు. పొడవు నార సన్నదారానికి, పొట్టి పీచు ముతకబట్టకూ తాళ్లకూ పోతాయి. రాలిన చెక్క పొట్టును కూడా పశువుల కిందకో, అట్టచెక్కల తయారీకో వాడేస్తారు.

ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా అది యంత్రానికి లొంగలేదు. పత్తిని ఇంగ్లండు మరలు తెగ వడికేస్తున్న కాలంలో అవిసెను ఇంకా చేత్తోనే వడకాల్సి వచ్చేది. ఇంగ్లండు నూలు వ్యాపారాన్ని దెబ్బతీయాలని నెపోలియన్ 1810 మే నెలలో ఒక ప్రకటన చేశాడు: అవిసెను వడికే యంత్రం కనిపెట్టినవారికి పది లక్షల ఫ్రాంకుల బహుమానం. ఫిలిప్ ద జిరార్ అనే ఆయన కొద్ది నెలల్లోనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. బహుమతి రాలేదు. ఆయన దాన్ని నమ్ముకుని మిల్లులు పెట్టి అప్పులపాలయ్యాడు. ఈలోగా నెపోలియనే పోయాడు, అంటే గద్దె దిగిపోయాడు. కొత్త ప్రభుత్వానికి పాత ప్రభుత్వం హామీలు గుర్తుండాలని ఎక్కడా రాసిలేదు. జిరార్ ఆస్ట్రియాకు, అక్కడి నుంచి పోలండుకు వలసపోయాడు. పోలండువారు ఆయన పేరు మీద ఒక ఊరికే నామకరణం చేశారు. జిరార్దూఫ్ అనే ఆ ఊరు ఇప్పటికీ ఉంది. 1845లో ఆయన చనిపోయాక, మూడో నెపోలియన్ హయాంలో వారసులకు చిన్న పింఛను మంజూరైంది. ప్రభుత్వ నజరానాల చరిత్రలో ఇది వేగంగా పరిష్కారమైన కేసుల కోవలోకే వస్తుంది.

1825లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ కే నారను నీళ్లలో నాననిచ్చి వడికే పద్ధతికి పేటెంటు పొందాడు. ఇప్పటికీ సన్నని లినెన్ దారాన్ని వేడినీటి తొట్టిలోంచి లాగుతూనే వడుకుతారు. మిగిలిన జిగురు మెత్తబడితే తప్ప అది సాగదు.

నేసిన బట్ట బూడిద రంగులో ఉంటుంది. దాన్ని తెల్లగా చేయడానికి పద్దెనిమిదో శతాబ్దపు ఐర్లండులో బూడిదనీళ్లలో ఉడకబెట్టి, పచ్చికబయళ్ల మీద పరిచి, పుల్లమజ్జిగలో నానబెట్టి, మళ్లీ పరిచి, ఇలా నెలల తరబడి సాగదీసేవారు. మనం వేసవిలో కడుపు చల్లబరచుకోవడానికి వాడే పదార్థాన్ని వాళ్లు పెద్దల దుప్పట్ల కోసం తొట్లకొద్దీ పోశారు. మజ్జిగ బదులు పలచని గంధకామ్లం చాలని ఎడింబరోకు చెందిన ఫ్రాన్సిస్ హోమ్ 1756లో చెప్పాక పని తొందరగా తెమిలింది. పచ్చిక మీద ఆరేసిన ఆ బట్టను దొంగిలిస్తే మరణశిక్ష దాకా విధించేవారు. కాపలావాళ్లకు చేల మధ్య రాతి గదులు కట్టించారు. దొంగ మెడకు పడిన ముడి ఊడిందో లేదో గానీ, బట్ట మీద ముడత మాత్రం ఎవరి వల్లా పోలేదు.

ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న. అవిసె నారలో దానికి ఆధారమైన సెల్యులోజ్ అనే పదార్థపు అణువులు నార పొడవునా నిటారుగా, బిగువుగా పేర్చి ఉంటాయి. బలమంతా అక్కడిదే. అయితే బిగువుగా ఉన్నది సాగదు. నూటికి రెండు మూడు పాళ్లు సాగదీస్తే అవిసె నార తెగిపోతుంది. పత్తి అంతకు రెట్టింపు ఓర్చుకుంటుంది. అవిసె నార వంచితే వంగుతుంది గానీ వెనక్కి రాదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. వాళ్లు లినెన్ ప్యాంటుతో కారులో కూర్చుని ఉంటే ఆ సామెతకు ఇంకో పాదం చేర్చేవారు.

చల్లదనం కూడా ఇలాంటి కథే. ఈ నార చుట్టూ ఉన్న గాలిలోంచి తన బరువులో సుమారు 12 శాతం తేమ పీల్చుకోగలదు, పత్తి 8 శాతం దగ్గర ఆగిపోతుంది. చెమటను తాగి త్వరగా ఆరిపోతుంది, ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది, ఒంటికి అతుక్కోదు. విజయవాడ మే నెలకు ఇంతకంటే మంచి బట్ట దొరకడం కష్టం. కానీ ఆ పీల్చుకున్న తేమే అణువుల మధ్య పట్టును సడలించి, నలిగిన భంగిమలోనే మళ్లీ బిగిస్తుంది. సుఖమూ ముడతా ఒకే చోట పుట్టాయి. ఒకటి తీసుకుని ఇంకొకటి వదిలేస్తాననడం కుదరదు. పత్తి ముడతకూ కారణం అదే సెల్యులోజ్, అదే తేమ. రసాయనశాస్త్రానికి ఈ రెండు ముడతల మధ్య పెద్ద తేడా కనబడదు. ధరచీటీకి కనబడుతుంది.

తడిస్తే ఇంకా గట్టిపడటం దీని మరో విచిత్రం. అందుకే అగ్నిమాపక దళాల గొట్టాలు లినెన్‌తో నేసేవారు. నీళ్లు తగలగానే దారాలు ఉబ్బి సందులు మూసుకునేవి. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రెక్కలకు ఐరిష్ లినెన్ తొడిగారు. అమెరికా డాలరు కాగితంలో 25 శాతం లినెన్, మిగతాది పత్తి. నలిగిన డాలరును ఇస్త్రీ చేయించి తెమ్మని ఇంతవరకు ఎవరూ తిప్పి పంపలేదు, ఇది కూడా రెండో చట్టం కిందికే వస్తుందని మా అభిప్రాయం.

ఇక దారంలో అక్కడక్కడ లావుగా కనిపించే గడ్డల సంగతి. వెనకటి ఐరిష్ నేతగాళ్లకు అవి సిగ్గుచేటు. దారం ఎంత సమంగా ఉంటే అంత గొప్ప. ఇప్పుడు ఆ గడ్డలు లేకపోతే లినెనేనా అని కొనేవాళ్లు అనుమానపడుతున్నారు. అందుకని గడ్డలు లేని పాలిస్టర్ దారానికి యంత్రాలతో కొలిచి మరీ గడ్డలు పెడుతున్నారు. మనిషి రెండు శతాబ్దాలు కష్టపడి తీసేసిన లోపాన్ని ఇప్పుడు డబ్బిచ్చి చేయించుకుంటున్నాడు.

బట్టల దుకాణాల్లో ఈ మధ్య తరచుగా వినిపించే సంభాషణ ఒకటి ఇక్కడ నమోదు చేయడం అవసరం.

"ముడత పడని లినెన్ ఉందా?"

"ఉందండీ." నిప్పు తగిలితే బూడిద కాకుండా కరిగి పూసకట్టే పాలిస్టర్ తాను ఒకటి బల్ల మీదికి వస్తుంది. "గుప్పిట్లో ఎంత నలిపినా నలగదు, చూడండి సార్."

సార్ నలిపి చూస్తారు. నలగదు. తృప్తిగా తలూపి, అంతలోనే దిగులు పడతారు.

"మరి లినెన్ అని నలుగురికీ ఎలా తెలుస్తుంది?"

"చేతి పట్టీ మీద పేరు కుట్టిస్తామండీ. కుట్టాక మాత్రం విప్పకండి."