కళ్లు తెరిచిన పిల్లాడు ఓడిపోలేదు

మొన్న మన సంఘం వార్షికోత్సవంలో పిల్లలకు మైండ్‌ఫుల్‌నెస్ పోటీ పెట్టారు, అంటే ఈ క్షణం మీద మనసు నిలిపే ధ్యానంలో పోటీ. వేదిక మీద వరసగా కూర్చోబెట్టి కళ్లు మూయించారు. ఎవరు ఎక్కువసేపు కదలకుండా ఉంటే వాళ్లకే బహుమతి. పిల్లల మీద ఒత్తిడి పెరిగిపోతోందన్న తపనతోనే కార్యవర్గం ఈ పని చేసింది, అది నాకు తెలుసు. అయినా చూస్తుంటే మనసు చివుక్కుమంది.

తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక బాబు మధ్యలో కళ్లు తెరిచి వాళ్లమ్మ కోసం చూశాడు. "నువ్వు అవుట్" అని మైకులో వినబడింది. చప్పట్ల మధ్యే వేదిక దిగి బయటి వరండాలోకి వెళ్లిపోయాడు. నేనూ వెనకే వెళ్లాను. గోడకు ఆనుకుని వెక్కుతున్నాడు. "నాకు ధ్యానం రాదు ఆంటీ" అన్నాడు. ఎంత ఓదార్చినా తలెత్తలేదు. సరే, ఇక్కడ ఏమేం చప్పుళ్లు వినిపిస్తున్నాయో చెప్పు అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత లోపలి పాట అన్నాడు, ఎవరివో చెప్పులు అన్నాడు, ఏసీ మోత అన్నాడు, చివరికి "నా ముక్కు" అని నవ్వేశాడు. ఆ పాటికి వెక్కిళ్లు ఆగిపోయాయి.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే అదే. మనసు పక్కకు పోవడం సహజం. పోయిందని గమనించి మెల్లగా వెనక్కి తెచ్చుకోవడమే సాధన. మరి కళ్లు తెరిచినవాణ్ని అవుట్ అనడం ఏం న్యాయం?

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, తగ్గని నొప్పులతో బాధపడే పెద్దవాళ్ల కోసం పుట్టింది. పిల్లల దాకా వచ్చేసరికి అది అంత తేలిగ్గా అబ్బడం లేదు. బ్రిటన్‌లో 85 బడుల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో చేసిన 'మిరియడ్' అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. భావోద్వేగాల గురించి బడిలో మామూలుగా చెప్పే పాఠాలకన్నా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు ఎక్కువ మేలు చేసినట్టు తేలలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనేలేదట.

అలాగని వదిలేయమనను. ఊపిరి నిదానంగా వదిలితే గుండె దడ తగ్గుతుంది, పరీక్ష ముందు అదే కొండంత అండ. కానీ వారమంతా తరగతుల మీద తరగతులు పెట్టి, ఒత్తిడి తగ్గించడానికి ఇంకో తరగతి కలపడం నాకు మింగుడు పడదు. ముందు ఒకటి తీసేయండి. ఇంట్లో మనమే ఫోను చూస్తూ "కుదురుగా కూర్చో" అని గదమాయిస్తే, పిల్లలకు కుదురంటే శిక్షలాగే తోస్తుంది. రాత్రుళ్లు నిద్రపట్టక, బడి పేరెత్తితే కడుపునొప్పి అనే పిల్లలనైతే ముందు డాక్టరుకు చూపించాలి.

కార్యవర్గానికి నా మనవి. వచ్చే ఏడు పోటీ వద్దు, బహుమతులు వద్దు. ఓ చిన్న గది ఇవ్వండి. తల్లిదండ్రులు ఫోన్లు బయట పెట్టి పిల్లల పక్కనే కూర్చోవాలి. రెండు నిమిషాలు చాలు. కళ్లు మూసుకుంటే భయపడే పిల్లలుంటారు, వాళ్లను తెరుచుకునే ఉండనివ్వండి. వద్దన్నవాళ్లను ఆడుకోనివ్వండి. ఆ గది బాధ్యత నేను తీసుకుంటాను.