లీవులో ఉన్నా గ్రూప్ మెయిళ్లు ఎందుకు ఆపుకోలేకపోతున్నాం?

సంక్రాంతి వారంలో కడప, అనంతపురం కాలేజీలకు తాళాలు పడతాయి. గ్రూప్ మెయిళ్లు మాత్రం ఆగవు. ఇన్విజిలేషన్ డ్యూటీల జాబితా, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలు వివరాల కోసం మళ్లీ ఒక రిమైండర్, ఎక్కడో కోయంబత్తూరులో జరగబోయే సదస్సుకు ఆహ్వానం, రిటైరైన ఒక సారుకు పుట్టినరోజు శుభాకాంక్షలు, వాటి వెనకే వరసగా 'రిప్లై ఆల్' నమస్కారాలు. పిల్లల్ని తీసుకుని గండికోట పోయిన మేడం కూడా పెన్నా లోయ కంటే ముందు ఫోనే చూసుకుంటారు. మన దగ్గర దీన్ని పని మీద శ్రద్ధ అంటున్నారు. నాకు మాత్రం ఇది ఆఫీసు నడిపే తీరులో ఉన్న లోపంగానే కనిపిస్తోంది.

ఎందుకంటే ఈ మెయిళ్లను కొన్నాళ్లు ఆపుకునే సౌకర్యం కొత్తదీ కాదు, కష్టమైనదీ కాదు. గ్రూప్ మెయిళ్లు నడపడానికి 1986లో మొదలైన లిస్ట్‌సెర్వ్ ప్రోగ్రామ్‌లో 'నోమెయిల్' అనే కమాండ్ ఉంది. అది పంపితే సభ్యత్వం అలాగే ఉంటుంది, మెయిల్ మాత్రం రాదు. అదే పని చేసే, చాలా సంస్థలు వాడే మెయిల్‌మ్యాన్‌లోనూ సభ్యులు తమ సెట్టింగ్స్ పేజీలో డెలివరీ ఆపుకోవచ్చు. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే గూగుల్ గ్రూప్స్‌లో అయితే మెంబర్‌షిప్ సెట్టింగ్స్‌లోకి పోయి, సబ్‌స్క్రిప్షన్ దగ్గర 'నో ఈమెయిల్' ఎంచుకుంటే చాలు. గ్రూపులో పాత మెయిళ్లు దాచే సెట్టింగ్ ఉంటే, తిరిగొచ్చాక గ్రూప్ పేజీలోనే తీరిగ్గా చూసుకోవచ్చు. పూర్తిగా ఆపడానికి మనసొప్పనివాళ్లకు 'డైజెస్ట్' ఉంది. పాతిక మెయిళ్ల దాకా ఒకే మెయిల్‌గా కట్టి పంపుతుంది.

ఇంత సులువైన పనిని ఎక్కువమంది చేయకపోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే అయితే, ఒక పూట ట్రైనింగ్‌తో సమస్య తీరిపోయేది. అసలు కారణం భయం. అదే గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలూ వస్తాయి, "రేపు సాయంత్రం లోపు వివరాలు పంపాలి" అన్న ప్రిన్సిపాల్ ఆదేశమూ వస్తుంది. రెండూ ఒకే దారిన వచ్చేటప్పుడు దారి మూసుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఆ ఆదేశం కూడా నిజానికి ముగ్గురికో నలుగురికో సంబంధించినదే. కానీ విడిగా రాయడం కంటే గ్రూపులో పడేయడం తేలిక. పైగా "అందరికీ చెప్పాం కదా" అన్న రికార్డు మిగులుతుంది. ఊరంతా దండోరా వేయించి ఒక్క మనిషిని కచేరీకి రమ్మన్నట్టు ఉంటుంది వ్యవహారం. వినలేదంటే తప్పు విననివాడిదే.

ప్రపంచంలోనే బాగా రద్దీగా ఉండే మెయిలింగ్ లిస్టుల్లో, అంటే మెయిల్ గ్రూపుల్లో, ఒకటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల ప్రోగ్రామ్ అయిన కెర్నల్‌ను రాసేవాళ్లది. దాని పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడికి రోజూ వందల మెయిళ్లు వస్తాయి. అన్నీ చదవాలని ఎవరూ ఎవర్నీ అడగరు. ప్రోగ్రామ్‌లో ఒక మార్పు రాసి పంపేవాళ్లు దాన్ని లిస్టుకు పంపుతూనే, ఆ భాగానికి బాధ్యులెవరో చూసి వాళ్ల అడ్రసులు కూడా చేర్చాలి. ఆ పేర్లు వెతికిపెట్టడానికే ప్రత్యేకంగా ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. అందువల్ల లిస్టు మెయిళ్లు ఆపుకున్న మనిషికీ తన పని తనకు చేరుతుంది. కర్నూలు ట్రిపుల్‌ఐటీలో చదువుతూ ఇలాంటి ప్రాజెక్టుల్లో చేరే పిల్లలు మొదట నేర్చుకునే మర్యాదల్లో ఇదొకటి. చదువు అయ్యి ఉద్యోగంలో చేరాక మన ఆఫీసులు వాళ్లకు దీన్ని మరిపిస్తాయి, అది వేరే సంగతి.

ఆపుకోలేనివాళ్లు, విసుగెత్తినవాళ్లు రెండు పనులు చేస్తున్నారు. ఒకటి, కోపంలో అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టేయడం. షాపింగ్ సైట్ల ఆఫర్లకైతే అదే సరైన మందు. 2024 నుంచి జీమెయిల్, యాహూ కూడా పెద్దయెత్తున మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క క్లిక్‌తో ఆపుకునే వీలు ఇవ్వాల్సిందేనని నియమం పెట్టాయి. ఆఫీసు గ్రూపులో, పూర్వ విద్యార్థుల గ్రూపులో మాత్రం అలా చేయకూడదు. బయటికి పోతే మళ్లీ అడ్మిన్ ఒప్పుకుంటే తప్ప లోపలికి రాలేం. ఆ అడ్మిన్ ఎప్పుడో హైదరాబాద్‌కు బదిలీ అయిపోయి ఉంటారు.

రెండోది ఆటో రిప్లై, అంటే సెలవులో ఉన్నామని మెషిన్ దానంతటదే పంపే జవాబు. మనిషికి మనిషి రాసినప్పుడు అది మర్యాదే. గ్రూపుకు మాత్రం బెడద. సెలవులో ఉన్నానని ఒకరి మెషిన్ గ్రూపుకు జవాబిస్తే, అది అందరికీ చేరి, సెలవులో ఉన్న ఇంకొకరి మెషిన్ దానికి మళ్లీ జవాబిస్తుంది. ఇద్దరూ ఒంటిమిట్ట కల్యాణంలో ఉంటే ఈ సంభాషణను ఆపే నాథుడుండడు. 1980ల్లో యూనిక్స్ మెషిన్ల కోసం వచ్చిన 'వెకేషన్' ప్రోగ్రామే మూకుమ్మడి మెయిళ్లకు బదులివ్వకుండా జాగ్రత్తపడేది. 2004లో ఆర్ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆటో రిప్లైలు ఎలా నడుచుకోవాలో వివరంగా చెప్పింది. జీమెయిల్ కూడా గ్రూప్ మెయిళ్లకు జవాబివ్వదు, ఒకే మనిషికైతే నాలుగు రోజులు దాటాకే రెండోసారి పంపుతుంది. ఎవరో ఎప్పుడో సెట్ చేసి వదిలేసిన ఆఫీసు సర్వర్లు అన్నీ ఇంత బుద్ధిగా ఉంటాయని మాత్రం నమ్మలేం.

ఆటో రిప్లైలో ఏం రాస్తున్నామన్నదీ చూసుకోవాలి. ఇంటికి తాళం వేసి ఊరికి పోతుంటే ముందే చెప్పండి, నిఘా పెడతామని మన పోలీసులు ఎల్‌హెచ్ఎంఎస్ అనే ఏర్పాటు చేశారు. చెప్పాల్సింది పోలీసులకు. మనమేమో "కుటుంబంతో కేరళలో ఉన్నాను, 18న వస్తాను" అని ముక్కూమొహం తెలియని ప్రతివాడికీ మెషిన్ చేత చెప్పిస్తున్నాం. ఫలానా తేదీ దాకా అందుబాటులో ఉండను, అర్జెంటయితే ఈ నంబరుకు చేయండి అంటే సరిపోతుంది. జీమెయిల్‌లో కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకే జవాబు పోయేలా పెట్టుకునే వీలూ ఉంది.

ఇంకొక చిక్కు ఎవరూ ఊహించని వైపు నుంచి వస్తుంది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ నుంచి ఎక్కించే ఫొటోలన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి. టూర్‌లో తీసిన వీడియోలు వాటంతటవే బ్యాకప్ అయ్యి ఆ చోటు నిండిపోతే మెయిళ్లు లోపలికి రావు, తిరుగుటపాలో పోతాయి. మెయిల్‌మ్యాన్ లాంటి ప్రోగ్రామ్ ఈ తిరుగుటపాలను రోజుకు ఒకటి చొప్పున లెక్కపెడుతుంది. మామూలు సెట్టింగ్స్‌లో ఆ లెక్క 5కు చేరితే డెలివరీ ఆపేస్తుంది, వారానికొకటి చొప్పున కొన్ని హెచ్చరికలు పంపుతుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే సభ్యత్వమే తీసేస్తుంది. నిండిపోయిన మెయిల్‌బాక్స్‌కు ఆ హెచ్చరికలైనా ఎలా చేరతాయి? అమెరికాలో పిల్లల దగ్గరికి నెలల తరబడి పోయే రిటైర్డ్ సార్లకు ఈ ముప్పు ఎక్కువ. వాళ్లు ఇండియా సిమ్ ఇంట్లో పెట్టి పోకూడదు కూడా. కొత్త చోటు నుంచి లాగిన్ అయితే వెరిఫికేషన్ కోడ్ ఆ నంబరుకే రావచ్చు.

ఇవన్నీ మనిషి తీసుకోగలిగిన జాగ్రత్తలు. కానీ భయం పోవాలంటే కదలాల్సింది సంస్థే. ఆదేశాలకు ఒక గ్రూపు ఉండాలి, అందులో ప్రిన్సిపాల్, పరీక్షల విభాగం లాంటి ఒకరిద్దరు తప్ప ఎవరూ పోస్ట్ చేయకూడదు. గూగుల్ గ్రూప్స్‌లో ఎవరు పోస్ట్ చేయవచ్చో ఓనరు నిర్ణయించవచ్చు. శుభాకాంక్షలకు, సదస్సులకు ఇంకొకటి. ఒక్కరు చేయాల్సిన పని ఆ ఒక్కరి పేరు మీదే పోవాలి, వాళ్లు లీవులో ఉంటే ఇన్‌ఛార్జికి పోవాలి. ఇలా వీలిస్తే అందరూ మెయిళ్లు ఆపేసుకుంటారని డిపార్ట్‌మెంట్ల పెద్దలైన హెచ్ఓడీలు అంటారు. ఆపుకోనివ్వండి. వీలిచ్చిన మర్నాడే అందరూ వదిలేసే గ్రూపును ఇప్పుడు మాత్రం ఎవరు చదువుతున్నారు?

గ్రూప్ ఓనరు తలచుకుంటే సభ్యుడి సబ్‌స్క్రిప్షన్‌ను తానే మార్చవచ్చు కూడా. లీవు ఫారంలో సెలవులో ఉండే చిరునామా రాయడానికి ఎప్పటినుంచో ఒక గడి ఉంది. దాని కింద గ్రూప్ మెయిళ్లు కావాలా వద్దా అని ఇంకో గడి గీసి, "వద్దు" అన్నవాళ్లకు ఆ తేదీల్లో ఆపి, డ్యూటీలో చేరిన రోజు తిరిగి తెరిచే పని ఆఫీసులో ఆ ఫారం తీసుకునే క్లర్కుకే అప్పగించవచ్చు.