ఇరవై రెండేళ్లకే తీర్పు రాసేస్తున్నాం

చెన్నైలో జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద తాంబరం దాటి చెంగల్పట్టు వైపు పోతుంటే, ఏటా ప్లేస్‌మెంట్లు మొదలయ్యాక ఫ్లెక్సీలు మారతాయి. నిన్నటిదాకా అడ్మిషన్ల ప్రకటన ఉన్నచోట పిల్లల ఫోటోలు వస్తాయి. ఫోటో కింద పేరు, పేరు కింద కంపెనీ, దాని కింద లక్షల్లో ప్యాకేజీ. పేరేమో చిన్న అక్షరాల్లో, ప్యాకేజీ పెద్ద అంకెల్లో. ఆ ఇంటిపేర్లు చదివితే చాలావరకు మనవే. పోత్తేరిలో లోకల్ రైలు దిగి బయటికొస్తే ఆంధ్రా మెస్ బోర్డులు, టీ కొట్టు దగ్గర తెలుగు మాటలు. చెన్నై శివార్ల ప్రైవేటు వర్సిటీల్లో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఈ పాఠకులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మీ వీధిలోనే ఒకరిద్దరు ఉండి ఉంటారు.

ఫోటోలో ఉన్న పిల్లల కష్టం మీద నాకు గౌరవం ఉంది. నా గొడవ ఆ ఫ్లెక్సీ కట్టించినవాళ్లతో. తన దగ్గర చదివిన మనిషి గురించి యూనివర్సిటీ ఇరవై రెండో ఏటనే తీర్పు రాసి రోడ్డు మీద కట్టేస్తోంది, వీడు గెలిచాడని. అంటే ఫోటో లేని మిగతా వేలమంది గెలవలేదనే కదా అర్థం? చదువు విషయంలో ఇంతకంటే తప్పుడు లెక్క ఇంకోటి లేదని నా వాదన. కావాలంటే ఈ నగరాన్నే సాక్ష్యం అడగండి.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడోసారికి, అదీ మద్రాసు హిందూ హైస్కూల్‌కి వచ్చాక. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావు చేతికి ఎంబీబీఎస్ రాలేదు. దానికంటే తక్కువగా చూసే ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు. ఇదే ఊళ్లో ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ కొంతకాలం గడిపి, 1922లో ఆయన బోస్టన్ చేరారు.

అక్కడ హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది ఇవాళ్టికీ వాళ్లిద్దరి పేరుతోనే పాఠ్యపుస్తకాల్లో ఉంది. కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ఏటీపీ పరిశోధనలో ఆయన చెయ్యి ఉంది. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. మందుల కంపెనీ లెడర్లే ల్యాబ్‌కి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ మీద ఆయన బృందం చేసిన పని నుంచే పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు తొలి మందులు పుట్టాయి. మెథోట్రెక్సేట్ ఆ దారిలో వచ్చిందే, కీళ్లవాతానికి కూడా డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచే వచ్చింది. తన సొంత ఊరి జబ్బుకు మందు అంత దూరంలో కూర్చుని తయారు చేయించిన మనిషి 1948లో పోయారు.

ఆ కాలంలో మెడికల్ కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టే ఆచారం ఉంటే సుబ్బారావు ఫోటో దాని మీద ఉండేదా? ఉండేది కాదు. ఆ ఏడాది మంచి మార్కులతో ఎంబీబీఎస్ పట్టా పుచ్చుకున్నవాళ్ల ఫోటోలు ఉండేవి. వాళ్ల పేర్లు ఇప్పుడు మనకెవరికీ తెలియవు.

అది పాత కథ అంటారేమో, కొత్తది చెబుతాను. 2024 ఆగస్టులో ఐఐటీ మద్రాసుకు ఒక పూర్వ విద్యార్థి 228 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఆ సంస్థకు ఒక్క మనిషి నుంచి అప్పటిదాకా అంత పెద్ద విరాళం రాలేదు. ఇచ్చింది బాపట్ల నుంచి వెళ్లిన కృష్ణ చివుకుల. ఆయన అక్కడ ఎం.టెక్. పూర్తిచేసింది 1970లో. మధ్యలో 54 ఏళ్లు. విడిభాగాలను లోహపు పొడి నుంచి అచ్చుపోసే పరిశ్రమను ఆయన ఈ దేశంలో నిలబెట్టారు. 1970లో ఆయన మొదటి జీతం ఎంతో ఎవరైనా అడుగుతున్నారా? ఆ క్యాంపస్ ఆయన్ని ఎంత బాగా తయారు చేసిందన్నది తేలడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.

అగ్నికుల్ సంగతి చూడండి. ఐఐటీ మద్రాసులో ఒక ప్రొఫెసర్, ఇద్దరు యువకులు 2017లో మొదలుపెట్టిన రాకెట్ కంపెనీ అది. ఇంజిన్ మొత్తాన్ని ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేస్తామంటే నమ్మినవాళ్లు తక్కువ. ప్రయోగం మళ్లీ మళ్లీ వాయిదా పడింది. చివరికి 2024 మే 30న శ్రీహరికోటలో తాము కట్టుకున్న సొంత ప్రయోగ వేదిక నుంచి ఆ రాకెట్ లేచింది. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో ఏ ప్లేస్‌మెంట్ సెల్ లెక్కలో చూసినా అక్కడ పనిచేస్తున్న కుర్రాళ్లు పెద్ద ప్యాకేజీ దొరకనివాళ్లే. సెలవులకు ఇంటికెళ్లే మన పిల్లల రైలు సూళ్లూరుపేట మీదుగానే పోతుంది. శ్రీహరికోటకు దిగాల్సిన స్టేషన్ అదే. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి వాళ్ల కాలేజీ చెప్పి ఉంటుంది?

ఇక రెండోవైపు వాదన. పొలం తాకట్టు పెట్టి, ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని లక్షల ఫీజు కట్టిన తండ్రికి యాభై ఏళ్ల తర్వాత వచ్చే ఘనత ఎందుకు, వచ్చే జూన్ నుంచి ఈఎంఐ కట్టాలి కదా అంటారు. నిజమే, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఉద్యోగం అక్కర్లేదని చెప్పే ధైర్యం కడుపు నిండినవాళ్లకే ఉంటుంది. అయితే ఆ తండ్రికి ఫ్లెక్సీ చెప్పేది నిజం కాదు. అది చెప్పేది మొత్తం బ్యాచ్‌లో ఒక్కరి జీతం. తన బిడ్డకు ఏం దక్కుతుందో ఆయనకు తెలియాలంటే చూడాల్సిన కాగితం వేరే ఉంది. కేంద్ర విద్యాశాఖ కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే సంస్థలు తాము సమర్పించిన వివరాలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఒక పట్టిక ఉంటుంది: మొదటి ఏడాది ఎంతమంది చేరారు, వాళ్లలో నిర్ణీత కాలంలో ఎంతమంది పాసై బయటికొచ్చారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతం ఎంత, పై చదువులకు ఎంతమంది వెళ్లారు. ఉద్యోగం వచ్చినవాళ్లను జీతం వారీగా వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాడి జీతమే మీడియన్. కౌన్సెలింగ్‌కి వెళ్లే ముందు తల్లిదండ్రులు పది నిమిషాలు ఆ పట్టిక ముందు కూర్చోవాలి. ముఖ్యంగా చేరినవాళ్లకూ టైముకి పాసైనవాళ్లకూ మధ్య తేడా చూడాలి. ఆ తేడాలో ఉన్న పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు.

నేను మాట్లాడతాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ తేడాలో ఉన్నాను. మన దగ్గర బ్యాక్‌లాగ్ అంటాం, ఇక్కడ అరియర్ అంటారు. రెండో ఏడాది చివరికి నాకు మూడు అరియర్లు. ఇంట్లో చెప్పలేదు. దసరా సెలవులకు వెళ్లి, మార్కులు ఇంకా రాలేదని అమ్మతో అబద్ధం చెప్పాను. ఆ సెమిస్టర్‌లో ఒక లెక్చరర్ సాయంత్రం ల్యాబ్ మూసే టైముకి పిలిచి, రోజూ గంటసేపు తన టేబుల్ పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించారు. ఎవరూ ఆయన్ని చేయమనలేదు. దానికి జీతం లేదు, ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కాలేదు. నా మూడు పేపర్లూ ఒకే నవంబర్‌లో పాసయ్యాయి. ఆ లెక్చరర్‌కు మాత్రం రిటైరయ్యేదాకా ప్రమోషన్ రాలేదు. పరిశోధన పత్రాలు చాలలేదని కాలేజీ చెప్పిందట. ఆయన దగ్గరికి ప్రతి బ్యాచ్‌లోనూ నాలాంటివాళ్లు నలుగురైదుగురు చేరేవారు. ఒక మాస్టారి జీవితంలో అది ఎంతమంది అవుతుందో ఎవరైనా లెక్కేశారా?

ఇంజనీరింగ్ సంస్థల ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పరిశోధనకు వందకు 30 మార్కులు. పరిశోధన వద్దని ఎవరంటారు? సుబ్బారావు చేసింది పరిశోధనే. కానీ చాలా ప్రైవేటు కాలేజీల్లో ఆ 30 మార్కుల కోసం అధ్యాపకుల మీద పడుతున్న ఒత్తిడి వల్ల పత్రాల సంఖ్య పెరుగుతోంది, పిల్లవాడి పక్కన కూర్చునే గంట పోతోంది. ఫ్యాకల్టీ రూము తలుపు ఎప్పుడూ మూసే ఉంటోందని పిల్లలు చెబుతున్నారు.

కొన్నిచోట్ల కొలత మారుతోంది, అది కూడా చెప్పాలి. ఐఐటీ మద్రాసు 2024–25 నుంచి బి.టెక్.లో క్రీడాకారులకు, మరుసటి ఏడాది నుంచి సంగీతం, నాట్యం లాంటి కళల్లో రాణించినవాళ్లకు విడిగా సీట్లు ఇస్తోంది. గోదావరి, కృష్ణ, కావేరి అని హాస్టళ్లకు నదుల పేర్లు పెట్టుకున్న ఆ క్యాంపస్‌కు ఆ విశాలత తగినదే.

పూర్వ విద్యార్థులను కూడా ఒక మాట అడగాలి. డిసెంబర్ వస్తే సమ్మేళనాలు. గ్రూప్ ఫోటో, శాలువా, భోజనం, పాత క్లాసురూములో సెల్ఫీ, సాయంత్రానికి ఫ్లైట్. ఎవరైనా ఒక్కరు, అరియర్లు మిగిలిపోయి సెలవులకు ఇంటికి పోకుండా హాస్టల్‌లోనే ఉండిపోయిన రెండో ఏడాది పిల్లల గదికి వెళ్లి కూర్చుంటున్నారా? మూడోసారికి పాసైన సంగతి మీకూ ఉంటే, స్టేజీ మీద కాకుండా ఆ గదిలో చెప్పండి.

ఇదంతా రాస్తున్నప్పుడు నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్న ఇంకో సంగతి అడ్డం వస్తోంది. మన పిల్లలు చెన్నైలో నాలుగేళ్లు ఉండి తమిళం నేర్చుకోకుండా వెళ్లిపోతున్నారు. తెలుగు రూమ్‌మేట్లు, తెలుగు గ్యాంగ్, తెలుగు మెస్, పండక్కి తెలుగు సినిమా. బస్సు బోర్డు చదవలేరు. సెక్యూరిటీ గార్డుతో సైగలు, ఆటో అతనితో వచ్చీరాని ఇంగ్లిష్. సత్రంలో దిగినట్టు దిగి, సత్రం ఖాళీ చేసినట్టు చేసి పోతున్నారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తాలో, సీమలో పట్టా అంటే మద్రాసు విశ్వవిద్యాలయం పట్టాయే. ఆ తరాల వాళ్లు ఇక్కడ తమిళ, మలయాళ, కన్నడ పిల్లల మధ్య చదివారు. రాధాకృష్ణన్ క్రిస్టియన్ కాలేజీలో చదివి ప్రెసిడెన్సీలో పాఠాలు చెప్పారు. నాగార్జునసాగర్ నిర్మాణంలో కీలకపాత్ర ఉన్న ఇంజనీరు కె.ఎల్. రావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. తనలాంటివాళ్లు కానివాళ్లతో కలిసి బతకడం వాళ్లకు ఈ ఊరు నేర్పింది. ఇప్పుడు మనవాళ్ల సంఖ్య బాగా పెరిగింది, దాంతో ఆ అవసరమే లేకుండా పోయింది.

తమిళం మనకు అంత దూరమా? ఇక్కడ సీనియర్‌ని పిలిచేదీ ‘అణ్ణా’ అనే. అమ్మ అమ్మే, పాలు పాలే, ఊరు ఊరే. ఆరు నెలలు చెవి పెడితే మాట వస్తుంది, ఇంకో రెండు నెలలకు అక్షరాలు వస్తాయి. మొదటి సెమిస్టర్‌లో ప్రతి వర్సిటీ వారానికి రెండు గంటలు మాట్లాడే తమిళం పెట్టాలని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. దానికి మార్కులు, గ్రేడు అక్కర్లేదు.

మా వీధి చివర పీజీ హాస్టల్లో ఉండే ఒంగోలు అమ్మాయి ఇంజనీరింగ్‌లో ఈసీఈ చదివింది. పీజీలో వంట చేసే ఆవిడ కూతురికి సాయంత్రాలు లెక్కలు చెప్పేది. ఆ పాపకు ఇంగ్లిష్ రాదు, ఈ అమ్మాయికి తమిళం రాదు. భిన్నాలు చెప్పడానికి దోసెలు కోసి చూపించేది. ఏడాది తిరిగేసరికి ఈ అమ్మాయికి తమిళం, ఆ పాపకు బీజగణితం వచ్చాయి. ఇప్పుడు ఈమె హైదరాబాద్‌లో చిన్న కంపెనీలో చేస్తోంది, జీతం గొప్పగా ఏమీ లేదు. పాప ప్లస్ టూలో ఉంది. మొన్న కలిసినప్పుడు ఆ అమ్మాయి తన ఫోన్ చూపించింది. కాలిక్యులస్ లెక్క ఒకటి ఫోటో తీసి పంపి, కింద ‘అక్కా, ఇదు పురియల’ (ఇది అర్థం కాలేదు) అని పాప వాయిస్ మెసేజ్. ఈమె మెట్రోలో నిలబడే జవాబు రికార్డు చేసింది, తమిళంలో.