భుజాల మీద పిల్ల, మెడలో ప్లకార్డు

పోయినేడాది మా చిన్నదాన్ని ఒక ర్యాలీకి తీసుకెళ్లా, అప్పటికి దానికి ఐదేళ్లు. అరగంట బానే నడిచింది, అందరూ జిందాబాద్ అంటే తనూ అంది, ఎవరికి జిందాబాదో దానికేం తెలుసు, కాళ్లు నొప్పులంటే భుజాల మీద ఎక్కించుకున్నా, ఎవరో ఒక ప్లకార్డు దాని మెడలో వేశారు, సరిగ్గా అప్పుడు చెవిలో నెమ్మదిగా బాత్రూం అంది. ముందు జనం, వెనక జనం, పక్కన బారికేడ్. ఆ పది నిమిషాలు మా డిమాండ్లేంటో కూడా నాకు గుర్తులేదు. సాయంత్రానికి దాని ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, "ఈ పాప ధైర్యం చూడండి" అని. పాపం ఆ మొహంలో వాళ్లకి కనబడిన పట్టుదల దేనికోసమో నాకొక్కడికే తెలుసు.

పిల్లల్ని ర్యాలీలకి తీసుకెళ్లి వాళ్ల బుర్రల్లోకి రాజకీయాలు ఎక్కిస్తున్నారనే వాదన నాకు పెద్దగా ఎక్కదు. ప్రార్థనలకి, మ్యాచ్‌లకి వాళ్లనడిగే తీసుకెళ్తున్నామా? పైగా 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 15వ అధికరణం శాంతియుతంగా గుమిగూడే హక్కు పిల్లలకీ ఉందంటుంది. కాకపోతే ఆ హక్కు పిల్లది, నాది కాదు. 12వ అధికరణం పిల్లల అభిప్రాయానికి విలువివ్వమంటుంది, అంటే ఇంటికెళ్దాం నాన్నా అన్నా అది అభిప్రాయమే కదా.

ఇలాంటి చర్చ ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు 1963 బర్మింగ్‌హామ్ తీస్తారు. అమెరికాలో నల్లజాతి పెద్దవాళ్లు అరెస్టయితే ఉద్యోగాలు పోతాయని, మే 2న వెయ్యి మందికి పైగా పిల్లలు బడి మానేసి వర్ణవివక్షకి వ్యతిరేకంగా రోడ్డెక్కారు, మర్నాడు పోలీసులు వాళ్లమీద ఫైర్ హోస్‌లు, కుక్కలు వదిలారు. ఆ ఫొటోలు దేశాన్ని కదిలించిన మాట నిజమే. కానీ మార్టిన్ లూథర్ కింగ్ అంతటి మనిషి కూడా ముందు వెనకాడాడు, ఇంకో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ అయితే పిల్లల్ని ముందు నిలబెట్టడమేంటని తిట్టిపోశాడు. ఇంకోటి, వాళ్లలో ఎక్కువమంది హైస్కూలు పిల్లలు, దెబ్బలు తిన్నా తిరగబడకుండా ఎలా ఉండాలో ట్రైనింగ్ తీసుకుని, జైలుకెళ్తామని తెలిసే వెళ్లారు. భుజాల మీద కూర్చున్న ఐదేళ్ల పిల్లకి ఆ పోలిక పెట్టడం మన సౌకర్యం కోసమే.

అలాగని ఇంట్లో వదిలేసి రండి అనేయడమూ తేలికే. ఎవరి దగ్గర వదలాలి? 2020లో ఢిల్లీలో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా సాగిన షాహీన్ బాగ్ నిరసనకి తల్లితో వెళ్లొస్తున్న నాలుగు నెలల పసివాడు చనిపోయాడు, చలి వల్లేనని వార్తలొచ్చాయి, నాలుగు నెలల బిడ్డ నిరసనకి ఎలా వెళ్తాడని సుప్రీంకోర్టు అడిగింది. అడగాల్సిన మాటే. కానీ బిడ్డని చూసే మనిషి లేని తల్లికి దాని అర్థం నువ్వూ రావద్దనే. ర్యాలీ పెట్టేవాళ్లు మైకులకి, ఫ్లెక్సీలకి ఇన్ని ఏర్పాట్లు చేస్తారు గదా, పిల్లలతో వచ్చేవాళ్లకి ఒక పక్క చోటు, బయటికి ఒక దారి ఉంచడానికి ఏమొచ్చింది?

ఇంక టియర్ గ్యాస్. అది గాలికన్నా బరువు, కిందకి దిగి నేల దగ్గరే నిలుస్తుంది, అంటే స్ట్రోలర్‌లో ఉన్న పిల్ల ముక్కు ఉండే ఎత్తులోనే, పైగా పిల్లలు మనకన్నా గబగబా ఊపిరి తీస్తారు. అందుకే పోలీసులు హెల్మెట్లు పెట్టుకోవడం కనబడితే అక్కడ ఇంక చర్చ లేదు, పిల్లనెత్తుకుని బయటపడాలి, పక్కనున్నవాళ్లు పిరికివాడన్నా సరే.

మొన్న మళ్లీ వెళ్లాం, ఈసారి అదే వస్తానంది. రోడ్డు అంచునే నడిచాం, మెడలో ఏం వెయ్యనివ్వలేదు. నా చేతిలో ప్లకార్డు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, దీనికి అర్థమేంటి అనడిగింది, నాకు తెలిసినంతలో చెప్పా, సగం అర్థమైనట్టు తలూపింది. ముప్పావుగంటకి ఇంటికెళ్దాం అంది. స్పీచ్‌లు అప్పుడే మొదలవుతున్నాయి, వెళ్లిపోయాం.