బండి మనదైనప్పుడు తాళంచెవీ మనదే

పండగకు బెంగళూరు నుంచి అనంతపురమో కర్నూలో బయలుదేరే తెలుగు కుటుంబానికి ఎలక్ట్రిక్ కారు ఉంటే, సామాను సర్దుకోవడంతో పాటు ఇంకో పని కూడా ఉంటుంది. దారిలో ఏ చార్జింగ్ కేంద్రం ఏ కంపెనీదో కనుక్కోవాలి. ఒక్కో కంపెనీ యాప్‌ను ఫోనులోకి దింపుకోవాలి. ఒక్కోదానిలో ముందుగానే కొంత డబ్బు వేసి ఉంచాలి. అదే పెట్రోలు కారైతే, బంకు ఎవరిదన్న ఆలోచనే రాదు. జేబులో నోటు ఉన్నా, ఫోనులో యూపీఐ ఉన్నా సరిపోతుంది.

ఇది చూపించి ఎలక్ట్రిక్ వాహనాలే వద్దనేవారితో మేము ఏకీభవించము. మన బెంగళూరు నగరానికి అలా అనే హక్కు అసలే లేదు. దేశంలో జనం కొని నడిపిన తొలి ఎలక్ట్రిక్ కార్లలో ఒకటైన రేవా 2001లో బెంగళూరు నుంచే రోడ్డెక్కింది. సీసం బ్యాటరీలతో నడిచిన ఆ రెండు తలుపుల బుల్లి కారు జీ-విజ్ అనే పేరుతో లండన్ వీధుల్లోనూ తిరిగింది. ఎలక్ట్రిక్ వాహనాల కోసం ప్రత్యేక విధానాన్ని 2017లో, అన్ని రాష్ట్రాలకన్నా ముందు ప్రకటించింది కర్ణాటకే. మరుసటి ఏడాది ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ తన తొలి బండ్లను ఈ ఊరి వాళ్ళకే ఇచ్చింది. 2022లో అల్ట్రావయొలెట్ అనే కంపెనీ తన ఎలక్ట్రిక్ మోటారుసైకిల్ ఎఫ్77ను విడుదల చేసిందీ ఇక్కడే.

బండి నడపడమంటే ఇష్టమున్న వాళ్ళుగానే ఈ మాట రాస్తున్నాము. పెట్రోలు ఇంజన్ తాగిన ఇంధనంలో మూడో వంతుకు మించి చక్రాలను తిప్పడానికి పనికిరాదు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ మోటారు తనకందిన విద్యుత్తులో నూటికి 85 పాళ్ళకు పైగా కదలికగా మారుస్తుంది. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో అరగంట చిక్కుకున్న వారికి ఈ తేడా లెక్కలతో పని లేకుండానే అర్థమవుతుంది. ఆగి ఉన్నంతసేపూ మోటారు ఏమీ తాగదు, పొగ వదలదు. దారి తెరుచుకున్న క్షణంలో క్లచ్ తొక్కకుండా, గేరు మార్చకుండా, మొదటి చుట్టు నుంచే పూర్తి బలంతో లాగుతుంది. కాలు తీస్తే అదే మోటారు జనరేటరుగా మారి కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. బుల్లెట్ శబ్దం వింటూ పెరిగిన వారి బాధ మాకు తెలుసు. 1955లో మద్రాసులో మొదలైన ఆ బండి చప్పుడును బట్టి ఇంటికి ఎవరొస్తున్నారో చెప్పగలిగిన తరం మాది కూడా. అయినా పసిపిల్లల ఊపిరితిత్తులతో పోల్చినప్పుడు ఆ చప్పుడును వదులుకోవచ్చు.

వదులుకోకూడనివి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది, చేతికి తగిలే మీట. వానలో అవుటర్ రింగ్ రోడ్డు మీద ముందు అద్దం ఆవిరి పట్టినప్పుడు, చూపు రోడ్డు మీదే ఉంచి చేత్తో తడిమి తిప్పగలిగే మీట ఉండాలి. ఇప్పుడు చాలా కార్లలో గాలి వేగం మార్చాలన్నా తెర మీద ఒకదాని వెనుక ఒకటి బొమ్మలు నొక్కాలి. ఈ తెర సౌకర్యమని అమ్ముతున్నారు. మేము దాన్ని ప్రమాదం అంటున్నాము. ఐరోపాలో కార్ల భద్రతకు మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ వంటి ముఖ్యమైన పనులకు విడి మీటలు లేని కార్లకు మార్కులు తగ్గించాలని నిర్ణయించింది. 2023 అక్టోబరులో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా అదే పని చేయాలి.

రెండోది, బండిని విప్పి చూసే హక్కు. దీన్ని గురించి ఇంకాస్త చెప్పాలి. బెంగళూరు జేసీ రోడ్డులో వరుసగా ఉండే స్పేర్ పార్టుల దుకాణాలు, వాటిని నమ్ముకుని పేటపేటలో నడిచే షెడ్లు ఈ నగరంలో సామాన్యుడి బండిని దశాబ్దాలుగా నడిపించాయి. చిన్న షెడ్డులో రెంచి పట్టుకుని పని నేర్చుకున్న కుర్రాడు కార్బురేటరు విప్పగలడు, గ్యాస్కెట్ మార్చగలడు. ఎలక్ట్రిక్ స్కూటరు ఆగిపోతే అతను చేయగలిగింది తక్కువ. లోపం ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరే ఉంటుంది. విడిభాగం మార్చినా, కంపెనీ అనుమతిస్తే తప్ప బండి దాన్ని ఒప్పుకోదు. ఇది ఎలక్ట్రిక్ వాహనాలతో పుట్టిన జబ్బు కాదు. విడిభాగాలను, లోపాలు పట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. అప్పటి కార్లలో సాఫ్ట్‌వేర్ వాటా తక్కువ. ఇప్పుడు బండి మొత్తం దాని మీదే నడుస్తోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచి, వాహన రంగాన్ని కూడా అందులో చేర్చింది. పోర్టల్ మంచిదే, కానీ దాని వెనుక చట్టం కావాలి. బ్యాటరీలో ఏ సెల్ దెబ్బతిందో చూపే సమాచారం బండి యజమానికి, అతను నమ్మిన మెకానిక్‌కు అందాలి. వాడిన కారు కొనేవారికి బ్యాటరీలో ఎంత సత్తా మిగిలిందో తెలిసే మార్గం అదొక్కటే. అధిక వోల్టేజీని అజాగ్రత్తగా ముట్టుకుంటే ప్రాణం పోతుందన్న కంపెనీల మాట నిజం. అందుకే షెడ్లలోని కుర్రాళ్ళకు ఐటీఐలలో శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం ఇవ్వాలి. వాళ్ళ పొట్ట కొట్టడం భద్రత అనిపించుకోదు.

ఇక బెంగళూరు మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్‌లలో పీజీలనే అద్దె వసతి గృహాల్లో ఉండే మన పిల్లల సంగతి. నెల జీతంతో ఎలక్ట్రిక్ స్కూటరు కొన్న కుర్రవాడికి దాన్ని చార్జ్ చేసుకునే ప్లగ్గు ఇచ్చేవారు లేరు. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే వాహనాన్ని చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. పీజీ యజమాని, అపార్ట్‌మెంట్ సంఘం అగ్నిప్రమాదం అంటూ కాదంటే ఆ కాగితం పనికిరాదు. మీటరు విడిగా పెట్టించుకుని, ఖర్చు తానే భరిస్తానన్న వ్యక్తికి సంఘం నిరాకరించకూడదని కర్ణాటక ప్రభుత్వం స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి.

కార్ల వేగవంతమైన చార్జింగ్‌కు ప్లగ్గు విషయంలో కంపెనీలు చాలావరకు సీసీఎస్2 అనే ఒకే రకం దగ్గర కలిశాయి. కలవనిది డబ్బు కట్టే పద్ధతి. ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ కేంద్రాలకు కేంద్రం రూ.2,000 కోట్లు కేటాయించింది. ఆ సొమ్ములో రూపాయి తీసుకున్న ప్రతి కేంద్రం యాప్ అడగకుండా, ముందస్తు డబ్బు అడగకుండా, యూపీఐతో చెల్లింపు తీసుకోవాలన్న షరతు పెట్టాలి. యూనిట్ ధర కనిపించేలా రాసి ఉంచడం, మరుగుదొడ్డి, రాత్రి దీపం కూడా ఆ షరతులోనే చేర్చాలి. చిక్కబళ్ళాపురం దాటి, అర్ధరాత్రి పెనుకొండ దగ్గర పిల్లలతో కారు ఆపేవారికి ఆ మూడూ కావాలి.