ఎఫ్‌ఎన్‌యు దంపతులు

భారత ప్రభుత్వం ఇచ్చే పాస్‌పోర్టులో పేరు రాయడానికి రెండు గడులుంటాయి. ఒకటి ఇంటిపేరుకు, రెండోది సొంత పేరుకు. తెలుగువాళ్ళకు ఈ రెండూ పుట్టుకతోనే సంక్రమిస్తాయి కాబట్టి వాటిని నింపడానికి పెద్ద విద్వత్తు అక్కర్లేదని మా బాబాయి చాలాకాలం నమ్మారు. ఆయన ముప్పై ఏళ్ళపాటు కోనసీమలో లెక్కల మాస్టారుగా పనిచేసి, రెండు తరాల పిల్లలకు గుణింతాలూ గుణకారాలూ నేర్పిన మనిషి.

ఆయన పేరును, గుర్తుపట్టకుండా కొంచెం మార్చి రాస్తే, వీర వెంకట సత్య సూర్య లక్ష్మీ నరసింహ మూర్తి అవుతుంది. అసలు పేరు ఇంతకన్నా పొడుగు. ఆయన పుట్టినప్పుడు ఇంట్లో ఎవరి మొక్కు వారికి ఉండటంతో, ఏ దేవుడికీ కోపం రాకుండా పెద్దలు అందరినీ ఒకే పిల్లవాడి మీద సర్దేశారు. ఆయనకు భార్యగా వచ్చిన మా పిన్ని పేరు మాత్రం ఒకే మాట, మూడే అక్షరాలు. ఇంత పొడుగు పేరాయనా అంత పొట్టి పేరావిడా అమెరికా వెళ్ళే విమానం ఎక్కేసరికి ఒకే పేరుతో చలామణీ అవుతారని వారి పెళ్ళి శుభలేఖ అచ్చువేసినవాడు కలలోనైనా అనుకుని ఉండడు.

పాస్‌పోర్టు దరఖాస్తులో పేర్లను పొడి అక్షరాలతో కాకుండా పూర్తిగా విడమరిచి రాయాలన్నది నిబంధన. బాబాయి ఇంటిపేరేమో ఆయన సర్టిఫికెట్లన్నింటిలోనూ పేరుకు ముందు ఒక పొడి అక్షరంగానే నిలబడి ఉంది. దరఖాస్తులు నింపిపెట్టే ఏజెంటు ఆ అక్షరాన్ని చూసి, "ఇనీషియల్స్ ఒప్పుకోరండీ మాస్టారూ," అని చెప్పి, దానిని విడమరచడానికి బదులు కొట్టిపారేశాడు. అలా ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోయింది. మిగతా దేవుళ్ళందరూ సొంత పేరు గడిలో కొలువు తీరారు. ఇంటిపేరు ఏం రాయమంటారని పిన్నిని అడిగితే, "ఆయన రాయనిది నేను రాస్తే బాగుంటుందా?" అని ఆవిడ కూడా ఖాళీగానే వదిలించారు. పాస్‌పోర్టు చేతికొచ్చాక బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని పుట అడుగున యంత్రాలు చదువుకునే రెండు వరుసలను పరీక్షించారు. ఒక్కో వరుసకు 44 స్థానాలు. అందులో పేరు వాటాకు వచ్చేవి 39. ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించిన కొలత కాబట్టి కోనసీమ మాస్టారి కోసం మార్చరు. ఆయన పేరు ఆ కొలతలో ఇమడక నరసింహుడి దగ్గర తెగిపోయింది. సింహం పోయి నరుడు మిగిలాడు, ఆ వెనకనున్న మూర్తి ఆనవాలే లేదు. "లెక్క సరిపోయింది కదా, పోనీలే," అన్నారు బాబాయి.

డల్లాస్‌లో ఉన్న కూతురు రమ్మని పట్టుబట్టడంతో 2019లో సందర్శకుల వీసాకు డీఎస్-160 దరఖాస్తు నింపాల్సి వచ్చింది. అక్కడ అమెరికా వారి పద్ధతి వేరు. పాస్‌పోర్టులో రెండు గడుల్లో ఒకటే నిండి ఉంటే, ఉన్న పేరునంతా తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో రాయాలి. సొంత పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యు అని మూడు అక్షరాలు వేయాలి. మొదటి పేరు తెలియదు అని దాని భావం. ఏడు మాటల పేరున్న మనిషిని పట్టుకుని పేరు తెలియదనడం ఎంతవరకు న్యాయమో ఆలోచించే తీరిక కంప్యూటరుకు ఉండదు. దేవుళ్ళందరూ మూటాముల్లె సర్దుకుని సొంత పేరు గడిలోంచి ఇంటిపేరు గడిలోకి కాపురం మార్చారు. పిన్ని మూడక్షరాల పేరు కూడా అదే దారి పట్టింది.

ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీ గుడిలో ఇద్దరూ 11 ప్రదక్షిణలు చేశారు. వీసా వస్తే 108 చేయాలన్నది అక్కడి లెక్క. మరునాడు బేగంపేటలో, అప్పట్లో అమెరికన్ కాన్సులేట్ ఉన్న పైగా ప్యాలెస్‌కు, బాబాయి కొబ్బరితోట పట్టాదారు పాసుపుస్తకం, పన్ను రసీదులు, పింఛను పత్రం, చివరికి ఆవు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోతో సహా ఒక సంచి నింపుకుని వెళ్ళారు. దీనికి కారణం లేకపోలేదు. 1952 నాటి అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. సందర్శకుల వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడని ముందుగానే అనుకోవాలనీ, అలా కాదని నిరూపించుకునే బాధ్యత అడిగేవాడిదేననీ దాని సారాంశం. కిటికీ వెనకనున్న అధికారి రెండు ప్రశ్నలు వేసి, సంచిలోంచి ఒక్క కాగితమైనా చూడకుండా వీసా ఇచ్చేశారు. బాబాయి ఆ అవమానాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. "కనీసం ఆవునైనా చూడొచ్చు కదరా," అంటారు.

వీసా అంటించిన పాస్‌పోర్టులు ఇంటికి వచ్చాయి. నలభై ఏళ్ళ కాపురంలో కూరలో ఉప్పు మొదలుకుని కూతురి పెళ్ళిముహూర్తం దాకా ఏ ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాని దంపతులకు అమెరికా విదేశాంగ శాఖ ఒకే పేరు పెట్టింది. పైగా పదేళ్ళు చెల్లే వీసా. ఆ మాట ఊళ్ళో పాకడంతో, మాస్టారు పదేళ్ళు తిరిగి రారనుకుని ఒకాయన కొబ్బరితోట కౌలుకు అడగడానికి వచ్చాడు. వీసా అంటే గుమ్మం దాకా వచ్చి తలుపు కొట్టడానికి మాత్రమే అనుమతి అనీ, లోపలికి వచ్చాక ఎన్నాళ్ళుండాలో తలుపు తీసినవాడు చెబుతాడనీ ఆయనకు బోధపరచడానికి ఒక పూట పట్టింది. అంతలో కరోనా వచ్చి తలుపులన్నీ మూతపడటంతో, ప్రయాణం 2022 మే నెలాఖరుకు గానీ కుదరలేదు.

ఇంగ్లీషుతో ఇబ్బంది పడకుండా ఉండేందుకు, మోకాళ్ళు బాగానే ఉన్నా, తెలుగు తల్లిదండ్రులందరిలాగే వీరికీ చక్రాల కుర్చీలు చెప్పారు. మధ్యలో విమానం మారాల్సిన చోట జరిగిన ఘట్టాన్ని బాబాయి ఒకలా, పిన్ని ఒకలా చెబుతారు. నేను పిన్ని కథనాన్నే తీసుకుంటున్నాను, ఎందుకంటే తప్పిపోయింది బాబాయే. విమానం దిగగానే కుర్చీల కుర్రవాళ్ళు చేతుల్లో పలకలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక పలక మీద మిస్టర్ ఎఫ్‌ఎన్‌యు అని ఉంది, మరొక దాని మీద మిసెస్ ఎఫ్‌ఎన్‌యు అని ఉంది. బాబాయి ఆ పలకలను చదివి, ఎవరో చైనావారి కోసమై ఉంటుందనుకుని, తన పేరున్న పొడుగాటి పలకను వెతుక్కుంటూ ముందుకు సాగిపోయారు. ఆ విమానంలోనే ఇండోనేషియా పెద్దాయన ఒకరు వచ్చారు. ఆ దేశంలో ఒకే మాట పేరుగా ఉన్నవారు చాలామంది ఉంటారు కాబట్టి ఆయన కూడా అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యుగారే. ఆయనకు ఇదంతా అలవాటు కాబోలు, పలక చూసి నింపాదిగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కుర్చీల కుర్రవాడు పిన్నిని ఆయన పక్కకు చేర్చి, "మీ వారు వచ్చేశారు మేడమ్," అన్నట్టు ఇంగ్లీషులో ఏదో చెప్పి, రెండు కుర్చీలనూ జంటగా తోసుకుపోయాడు. పిన్ని అరిచారు. పెద్దాయన చిరునవ్వు నవ్వి తన సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఆవిడకు ఇచ్చారు.

గేటు దగ్గర యంత్రం ఆయన బోర్డింగ్ పాసు చూసి ఎర్రదీపం వెలిగించింది. ఆయన పోవలసింది షికాగోకు. ఈలోగా బాబాయి పరుగున వచ్చి, "ఆవిడ నా భార్య," అన్నారు.

"మీ పేరేమిటి సార్?"

బోర్డింగ్ పాసు చూసుకుని, "ఎఫ్‌ఎన్‌యు," అన్నారు బాబాయి, ఆ మాటను మొదటిసారి పలుకుతూ.

"ఆయన పేరు కూడా అదే సార్," అన్నాడు కుర్రవాడు, ఎంతో మర్యాదగా.

పుట్టిన తేదీలు చూసి తగువు తీర్చారు. పిన్ని మాత్రం విమానంలో కూర్చున్నాక, ఆ పెద్దాయన బిస్కెట్లు పెట్టాడనీ, నలభై ఏళ్ళలో తనకు ఎవరూ అడగకుండా ఏదీ పెట్టలేదనీ రెండుసార్లు అన్నారట. బాబాయి కథనంలో ఈ మాట కనిపించదు.

డల్లాస్‌లో ఇమిగ్రేషన్ అధికారి వేలిముద్రలు, ఫోటో తీసుకుని, ఎన్నాళ్ళుంటారని అడిగారు. లెక్కల మాస్టారు కదా, సిద్ధపడే వెళ్ళారు. "నూట డెబ్బై తొమ్మిది రోజులు," అన్నారు. 1996లో తెచ్చిన చట్టం ప్రకారం 180 రోజులు దాటి అక్రమంగా ఉండి వెళ్ళినవారు మూడేళ్ళపాటు, ఏడాది, అంతకుమించి ఉన్నవారు పదేళ్ళపాటు తిరిగి రాకూడదు. బాబాయి ఆ 180 ఎక్కడో చదివి, ఒకటి తగ్గించి చెప్పారు. ఆ లెక్క మొదలయ్యేది ఇచ్చిన గడువు తీరిపోయిన తర్వాత కదా అన్నది ఆయన దృష్టికి రాలేదు. అధికారి ఒక్కసారి తలెత్తి చూసి, సందర్శకులకు మామూలుగా ఇచ్చే ఆరు నెలలే ఇచ్చి పంపించారు. పేరు సంగతి ఆయన అడగనే లేదు. రోజూ ఎంతమంది ఎఫ్‌ఎన్‌యులను చూస్తాడో పాపం!

ఆ ఆరు నెలలు కచ్చితంగా ఏ తేదీకి తీరతాయో తెలుసుకోవడానికి ఐ-94 అనే రికార్డు చూడాలి. ఒకప్పుడు దానిని తెల్ల కార్డుగా పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చేవారు. 2013 నుంచి విమానంలో వచ్చేవారికి అది కంప్యూటరులోనే ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఇచ్చి వెతుక్కోవాలి. అల్లుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మామగారి పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇచ్చాడు, రికార్డు లేదంది. ఇంటిపేరు ముందు పెట్టి ఇచ్చాడు, లేదంది. వెంకటను తీసి చూశాడు, సత్యను సూర్యతో కలిపి చూశాడు, నరసింహుడికి సింహాన్ని తిరిగి అతికించి చూశాడు. రికార్డు ప్రకారం ఆ మనిషి దేశంలోకి రానేలేదు. రాని మనిషి హాల్లో కూర్చుని రెండో కప్పు కాఫీ అడుగుతున్నాడు. చివరికి మనవరాలు వచ్చి, "తాతయ్య పేరు ఎఫ్‌ఎన్‌యు కదా డాడీ," అని మొదటి పేరు గడిలో ఆ మూడక్షరాలూ కొట్టింది. నవంబరు నెలాఖరు దాకా గడువున్నట్టు వెంటనే వచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆయన ఎఫ్‌ఎన్‌యు తాత, ఆవిడ ఎఫ్‌ఎన్‌యు అమ్మమ్మ.

తిరుగు ప్రయాణంలో దుబాయిలో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గర నాలుగు రోజులుండి రావాలని పిన్ని కోరిక. అమెరికా వీసా ఉన్న భారతీయులకు అక్కడ దిగగానే వీసా ఇస్తారు కాబట్టి అడ్డేమీ ఉండదనుకున్నారు. అయితే సరిగ్గా 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవారిని సందర్శక వీసాల మీద రానివ్వబోమని యూఏఈ ప్రభుత్వం నిబంధన తెచ్చింది. వీరి టికెట్లు ఆ మరునాటికే ఉన్నాయి. చెకిన్ కౌంటరులో అమ్మాయి తెర వైపు చూసి, మాస్టారు దిగవచ్చు గానీ మేడమ్ దిగడానికి వీల్లేదంది. రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉందని అమెరికా ఇద్దరినీ ఒక గాటన కట్టింది; దుబాయి వారు మాటలు లెక్కపెట్టి ఇద్దరినీ విడదీశారు. ఏడు మాటలున్న బాబాయి మొదటిసారి తన పేరును చూసుకుని మీసం దువ్వుకున్నారు. కొన్నాళ్ళు ఆగి వెళదామంటే ఐ-94 గడువు తీరిపోతుంది. బయటికి రాకుండా విమానం మారడానికి అభ్యంతరం లేదన్నారు కాబట్టి ఇద్దరూ అలాగే బయలుదేరారు. దుబాయి విమానాశ్రయంలో కొడుకు గోడకు అవతల, తల్లి గోడకు ఇవతల. "ఇక్కడే ఉన్నానురా, నీకు సున్నుండలు తెచ్చాను," అని ఆవిడ ఫోనులో చెబుతుంటే, పక్కన బాబాయి ఆ సున్నుండల డబ్బా మూత తీస్తున్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, పాస్‌పోర్టు రెండో పుటలో తండ్రి పేరు గానీ ఇంటిపేరు గానీ ఉంటే చాలునని యూఏఈ వారు సడలించారు. పిన్ని తండ్రిగారి పేరు ఆ పుటలో నిక్షేపంగా అచ్చయి ఉంది. ఈ కబురు విన్నప్పటి నుంచి ఆవిడ తన తండ్రికి రోజూ దండం పెట్టుకుని, భర్తకు పెట్టడం మానేశారు.

మొన్నటికి పాస్‌పోర్టుల గడువు దగ్గరపడటంతో, ఈసారి ఇంటిపేరు గడి నింపి తీరాలని నిశ్చయించి నన్ను పిలిపించారు. ముప్పై ఆరు పుటల పుస్తకానికి మనిషికి 1,500 రూపాయలు. బాబాయి దరఖాస్తు సాఫీగానే సాగింది. పాత వీసా మీద ఎఫ్‌ఎన్‌యు అని ఉంటే కొత్త పాస్‌పోర్టుతో కలిపి చూపినప్పుడు ఏమంటారన్న మీమాంస వచ్చింది గానీ, ఆ ఇబ్బందేదో షికాగో పెద్దాయనే పడతాడని ఆయన కొట్టిపారేశారు. చిక్కు పిన్ని దరఖాస్తు దగ్గర వచ్చింది. ఆధార్‌లో మెట్టినింటి పేరుంది, పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి పేరుంది.

"మా ఇంటిపేరే రాయరా," అన్నారు బాబాయి.

"దుబాయి వాళ్ళు మా నాన్న పేరు చూసి తలుపు తీస్తామన్నారు గానీ మీ పేరు చూసి కాదు," అన్నారు పిన్ని.

కొంగుముడి నాటి కట్నాల దగ్గర మొదలై వాదం కొబ్బరితోట హద్దురాళ్ళ దాకా వెళ్ళి వచ్చింది. నేను వేళ్ళు మీటల మీద పెట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాను. ఇంతలో చాలాసేపటి నుంచి ఏమీ నింపనందువల్ల గడువు ముగిసిందనీ, మళ్ళీ మొదటి నుంచి లాగిన్ కావాలనీ తెర మీద వచ్చింది.